సెంబవాంగ్ ఓట్లు

ఇన్నేళ్లుగా ఒక అబద్ధాన్ని గుండెల మీద మోస్తున్నాను. ఎవరి ముందూ దించలేకపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

కంప్యూటర్ ఉద్యోగాలకు మనవాళ్లు సింగపూరులో విమానాల నిండా దిగుతున్న రోజులవి. నేను అక్కడి తెలుగువాళ్ల సంఘానికి కార్యదర్శిని. ఆ ఏడు అధ్యక్ష పదవికి ఖదీర్ గారు నిలబడ్డారు. హైదరాబాదు మనిషి, సెంబవాంగ్‌లో ఓడలు బాగుచేసే యార్డులో ఫోర్‌మన్. తన కింద పనిచేసే వెల్డర్లను సభ్యులుగా చేర్చి, వాళ్ల ఓట్లతోనే గెలిచారు. దెబ్బతిని ఆసుపత్రిలో పడ్డ కూలీ పక్కన తెలుగు మనిషి ఒకడుండేలా చూస్తానని ఆయన మాట ఇచ్చారు.

మాకు ఒళ్లు మండింది. టై కట్టుకునే మేము వెల్డర్లు ఎన్నుకున్నవాడి వెనక నిలబడాలా?

ఫలితాన్ని సభ ఆమోదించాలి. ఇద్దరు సభ్యులు రాతపూర్వకంగా అభ్యంతరం చెబితే ఓట్లను మళ్లీ పరిశీలించాలి. ఓడిపోయినాయన ఆఫీసులో నా పైఅధికారి. సెంబవాంగ్ వాళ్ల సభ్యత్వ ఫారాలు గడువులోగా అందలేదని ఆయన రాశారు. రెండో సంతకం నాది. నిజానికి గడువుకు వారం ముందే, లిటిల్ ఇండియాలో ఆదివారపు జనం మధ్య, ఖదీర్ గారు వాటిని నా చేతిలో పెట్టారు. అందిన తేదీ తర్వాత వేద్దామని వదిలేశాను. అభ్యంతరం మీద సంతకం చేసిన రోజే, గడువు దాటిన తేదీ వేశాను.

సభలో ఖదీర్ గారు లేచారు.

"తమ్మీ, ఆ కాయితాలు ముందుగాలనే నీ చేతికి ఇచ్చిన గదా? జెప్పు అందరికీ."

"మీరు గడువయ్యాక ఇచ్చారండీ."

"నా మొఖం జూసి జెప్పు."

ముఖం చూసే చెప్పాను. భయపడ్డానా? లేదు. సంతోషించాను.

వెల్డర్ల ఓట్లు చెల్లవని కొట్టేశారు. వాళ్లు ఒక్కొక్కరే లేచి వెళ్లిపోయారు. మా బాస్ అధ్యక్షుడయ్యాడు. ఆసుపత్రి మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. ఆ ఏడే శ్రీకాకుళం వెల్డరొకడు యార్డులో పైనుంచి పడ్డాడు. భాష రాక, నొప్పి ఎక్కడో డాక్టరుకు చెప్పుకోలేక నాలుగు రోజులు గోడవైపు తిరిగి పడుకున్నాడట. తర్వాత నిటారుగా నడవలేకపోయాడు. యీషున్‌లో నా ఫ్లాట్ నుంచి ఆ ఆసుపత్రికి బస్సులో అరగంట. వెళ్లలేదు.

ఖదీర్ గారి మీద ప్రేమ పుట్టిందనుకోకండి. ఆయన పేరు వింటే ఇప్పటికీ నాకు కంపరమే. అన్యాయం చేసినవాణ్ణి నేనైతే ఈ కోపం ఆయన మీదెందుకు, అబద్ధమాడుతున్నప్పుడు నా ముఖాన్ని అంత దగ్గరగా చూసిన మనిషి ఇంకొకరు లేరనా?

క్షమించమని అడగను. ఫారాలు వేళకే అందాయి. తప్పుడు తేదీ వేసింది నేను.

రాశాను. ఊపిరి కాస్త ఆడుతోంది. అందుకు కూడా సిగ్గేస్తోంది.