ఎడమ ట్రాకులో ఒక పిన్ను

జూన్‌లో ఒక గురువారం, ఉదయం పదిన్నరకు కోదాడలో దిగాను. మిర్యాలగూడ నుంచి బస్సు. సంచిలో రెండు జతల బట్టలు, షేవింగ్ సామాను, దగ్గరి చూపు కళ్లద్దాలు. డ్యూటీ మూడు రోజులు. పని: బొమ్మ ట్యాంకుకు ట్రాకులు, అంటే చక్రాల చుట్టూ తిరిగే గొలుసు పట్టాలు, వేయడం.

నవ్వండి, పరవాలేదు. నేనూ నవ్వాను. పదిహేడేళ్లు నలభై టన్నుల ట్యాంకు నడిపినవాణ్ణి. ముసలితనంలో జానెడు ప్లాస్టిక్కుకు డ్రైవర్నయ్యాను.

పిలిచింది మా గన్నర్. మా ట్యాంకులో ముగ్గురం: కమాండర్, గన్నర్, డ్రైవర్‌గా నేను. రాజస్థాన్ ఎడారిలో, ఒక మే నెల యుద్ధవిన్యాసాల ఎక్సర్‌సైజులో, ట్రాకులో పడి గన్నర్ కుడిచేతి మూడు వేళ్లు పోయాయి. అతన్ని ఇంటికి పంపేశారు. నేను సర్వీసు పూర్తిచేసి హవల్దారుగా వచ్చాను. ఇప్పుడు సూర్యాపేటలో మాజీ సైనికుల ప్రదర్శన ఉందనీ, అక్కడ మన ట్యాంకు నమూనా పెడుతున్నాననీ ఫోన్ చేశాడు.

"పిన్నులు గుచ్చనీకి నాకు వేళ్లు సాలవ్ అన్నా. నువ్వు రావాలె."

మేడమీద చిన్న గది. ఫ్యాను తిప్పితే లింకులు ఎగిరిపోతాయని ఆపేశాడు. ల్యాంపు కింద భూతద్దం. బొమ్మ ట్యాంకు కిట్టులో వచ్చిన రబ్బరు ట్రాకును చిటికెన వేలితో లేపి చూపించాడు.

"సూడు, లాగు నాడా లెక్క బిగుసుకుంది. మన ట్రాకు గిట్లుంటదా? బరువుకు పైచక్రాల మీద కిందికి వాలుతది గదా."

అందుకని వేరే కంపెనీ ఇనుపరంగు లోహపు ట్రాకులు కొరియర్‌లో తెప్పించాడు. ఒక్కో వైపు తొంభై ఆరు లింకులు. ఒక్కోటి చిటికెన వేలి గోరంత. రంధ్రాలు సగం పూడుకుపోయి ఉన్నాయి. చేతిడ్రిల్లుతో తెరవాలి. రెండు లింకులను కలిపేలా పిన్నుగా సన్నతీగ ముక్క గుచ్చాలి. కొసన చుక్క జిగురు. తరువాతి లింకు.

ఫోన్‌లో పెట్టిన వీడియోలో ఎవరో పెద్దమనిషి ట్రాకు తుప్పు రంగు మీద గంటసేపు పాఠం చెప్పాడు. చేతులు పాలతో కడిగినట్టున్నాయి. ఒక్క పూట ట్రాకు గ్రీజులో మోచేతుల దాకా మునిగి ఉంటే ఆ పాఠం రెండు నిమిషాల్లో అయిపోయేది. గన్నర్ మాత్రం రాసుకున్నాడు.

శుక్రవారం సాయంత్రం నాలుగుకు కుడివైపు పూర్తయింది. శనివారం ఎడమవైపు. చివరి పిన్ను దగ్గర గన్నర్ నా చేయి పట్టుకున్నాడు.

"గిది మొత్తం గుచ్చకు అన్నా. అసలు ట్యాంకుకు రెండు వేళ్ల మందం బయటికి ఉండె. గా లెక్కన జరంత వదిలెయ్."

నా చేతిలో డ్రిల్లు ఆగిపోయింది.

ఆ ఎక్సర్‌సైజు రోజు తెల్లవారి ఐదింటికి, ఇంజను స్టార్ట్ చేయకముందు, ఇతనే వచ్చి నాకు చెప్పాడు. ఎడమ ట్రాకులో ఒక పిన్ను రెండు వేళ్లు బయటికొచ్చిందని. "వచ్చినంక సూద్దాం తీయ్" అన్నాను. పదకొండూ ఇరవైకి ఇసుకదిబ్బ మలుపులో ట్రాకు ఊడింది. కమాండర్ రేడియోలో "లెఫ్ట్ ట్రాక్ గయా, లెఫ్ట్ ట్రాక్ గయా" అంటున్నాడు. మళ్లీ ఎక్కించేటప్పుడు ట్రాకు జారింది. "చెయ్యి పెట్టి పట్టుకో" అని అరిచింది నేను. ట్యాంకును కదిలించిందీ నేనే.

విచారణలో రెండు మాటలు చెప్పాను. పొద్దున పిన్నులన్నీ సరిగ్గా ఉన్నాయి. గన్నర్ చెప్పకుండా చేయి పెట్టాడు. రెండూ అబద్ధాలు. కాగితంలో 'గన్నర్ నిర్లక్ష్యం' అని రాశారు. దవాఖానలో మంచం మీదున్న గన్నర్ దానికి అడ్డు చెప్పలేదు.

"ఇన్నేండ్లు ఊకున్నవ్. ఇప్పుడెందుకు?" అన్నాను.

"నేనేమన్నా అన్ననా? ట్యాంకు ఎట్లుండెనో అట్ల చేస్తున్న. గంతే."

పిన్నును బయటికే వదిలాను.

ఆదివారం, సూర్యాపేట. ఫంక్షన్ హాలు. ముఖ్య అతిథి గంటన్నర ఆలస్యం. వచ్చాక దండలు, ఫోటోలు, సరిహద్దు వైపు ఎప్పుడూ వెళ్లనివాళ్ల ప్రసంగాలు. మా టేబులు దగ్గరికి ఒక రిటైర్డ్ సుబేదార్ వచ్చాడు. పదాతిదళం మనిషి. వంగి చూశాడు.

"మంచిగనే చేసిన్రు గాని, గీ పిన్ను కొట్టుడు మర్సిపోయిన్రు." అప్పుడు గన్నర్ చేయి చూశాడు. "ఆ చేత్తోని గింత చేసుడే గొప్పలే."

చుట్టూ నలుగురు నవ్వారు. గన్నర్ టేబులు గుడ్డ సరిచేస్తూ ఉండిపోయాడు.

ఆ నవ్విన ముఖాల మీద నాకు అసహ్యం పుట్టింది. వాళ్లకన్నా ఎక్కువ నా మీద.

"మర్సిపోలే," అన్నాను. "ఆ రోజు పిన్ను గట్లనే ఉండె. పొద్దుగాలనే గన్నర్ చెప్పిండు. డ్రైవర్ను నేను. ఇనలే. చెయ్యి పెట్టమన్నది నేను. ఆయన వేళ్లు పోయినంక తప్పు ఆయనదే అని చెప్పింది గూడ నేనే."

సుబేదార్ నిటారుగా నిలబడ్డాడు. "గివన్నీ ఇక్కడెందుకు సార్? పండుగ లెక్క ఉన్నది."

"కాగితంల తప్పు రాయించినోన్ని. నోటితోనన్న సరిగ్గ చెప్పాలె గదా."

నవ్విన నలుగురూ పక్క టేబులు మీది పాత హెల్మెట్ల వైపు జరిగారు. పది నిమిషాలకు నిర్వాహకుడొకరు వచ్చి, సన్మానాల జాబితా పెద్దదైందనీ, నా పేరు వచ్చే ఏడు చూద్దామనీ అన్నాడు. నాకు కప్పాల్సిన శాలువాను సరుకుల గోదాములో లెక్కలు రాసి రిటైరైన ఒకాయనకు కప్పారు. ఆయన బాగా మురిసిపోయాడు.

హాలు ఖాళీ అయ్యాక చేతిడ్రిల్లు, జిగురు నా సంచిలోంచి తీశాను.

"పిన్ను కొట్టెయ్యమంటవా?"

గన్నర్ ట్యాంకును అట్టపెట్టెలో పెడుతున్నాడు. "ఉండనీ అన్నా. ఇయ్యాల నువ్వు చెప్పినవ్. అది గట్లనే ఉంటేనే నిజం."

క్షమించానని అనలేదు. నేనూ అడగలేదు. అడిగే ముఖం లేదు. బస్టాండులో చాయ్ తాగాం. తను కోదాడ బస్సెక్కాడు. ఆరూ పదికి నేను మిర్యాలగూడ బస్సెక్కాను.

కిటికీ బయట నాట్లకు దున్నిన పొలాలు. నాకు కనిపించినవి అవి కావు. ఎప్పుడు కళ్లు మూసినా కనిపించేదే: మధ్యాహ్నపు ఎండ, ట్యాంకు నీడలో చక్రానికి ఆనుకుని గన్నర్. కుడిచేతికి కమాండర్ బనియను చుట్టి ఉంది. అది తడిసి ఇసుకలోకి కారుతోంది. నేను డ్రైవర్ సీటు మీది హ్యాచ్ లోంచి దిగి అతని ముందు నిలబడ్డాను. తిడతాడనుకున్నాను. అతను తలెత్తి చూశాడు.

"ట్రాకు ఎక్కిందా అన్నా?"