కిడ్నీ నాది, కడుపు మా చెల్లెలిది

మా చెల్లెల్ని బజారంతా అంగుళం అని పిలుస్తుంది. పొట్టిగా ఉంటుంది కాబట్టి అలా అంటారని కొందరనుకుంటారు. పొట్టిదన్న మాట నిజమే గానీ, అసలు కారణం అది కాదు. మా కుట్టుకొట్టులో గుడ్డ కత్తిరించేది తనే. "నడుము దగ్గర ఒక్క అంగుళం తగ్గించమ్మా, నెలలో సన్నబడిపోతాను" అని ఎవరైనా అడిగితే, "సన్నబడ్డాక రండి, అప్పుడు తగ్గిస్తాను" అంటుంది. గుడ్డని టేపుతో రెండుసార్లు కొలుస్తుంది. రెండూ ఒకటైతేనే కత్తెర పడుతుంది. తేడా వస్తే మూడోసారి కొలుస్తుంది. ఇవతల మిషను ముందు కూర్చుని ముక్కల కోసం ఎదురుచూస్తూ నేను గొణుక్కుంటూ ఉంటాను. పదిహేనేళ్ళుగా ఇదే వరస.

దానికి ఇరవై ఎనిమిదో ఏట రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడు రోజులు డయాలసిస్ మంచం మీద పడుకునేది, మిగతా మూడు రోజులు కొట్టుకొచ్చి నిలబడి కత్తిరించేది. కాళ్ళు వాచి చెప్పుల్లో పట్టకపోతే మొగుడి చెప్పులు వేసుకుని టపటపా నడిచొచ్చేది. ఏడాదిన్నర చూశాను. ఇక చూడలేక నా కిడ్నీ ఒకటి ఇచ్చాను. త్యాగం గీగం అని నన్నెవరూ పొగడొద్దు. అది లేకపోతే నాకు గుడ్డ కత్తిరించి ఇచ్చే దిక్కూ లేదు, పోట్లాడటానికి మనిషీ లేదు.

ఆ కిడ్నీని పొత్తికడుపులో కుడివైపు పెట్టారు. చెయ్యి వేస్తే తగులుతుంది. ఒళ్ళు దాన్ని పరాయిదని తోసెయ్యకుండా రోజూ రెండుపూటలా మాత్రలు వేసుకోవాలి. నడుము పట్టీ అటువైపు ఒత్తకుండా తన బట్టలన్నిటికీ కొత్త కొలతలు వేసుకుంది.

మూడో నెలలో, జబ్బు రోజుల్లో ఆగిపోయిన నెలసరి మళ్ళీ మొదలైంది. "మంచిదే, కానీ ఇప్పుడే కడుపు రాకూడదు, ఇద్దరూ జాగ్రత్తపడండి" అంది కిడ్నీ డాక్టరమ్మ. పక్కనే ఉన్న దాని మొగుడికి, మా మరిదికి, చెవులు ఎర్రబడ్డాయి. గోడలకి రంగులు వేసే మనిషి గానీ, ఆ రోజు రంగు మాత్రం తను వేసుకున్నది కాదు. మా చెల్లెలు సంచిలోంచి నోటుబుక్కు తీసి, "ఎన్నాళ్ళు ఆగాలి డాక్టరుగారూ?" అని రాసుకోవడానికి సిద్ధమైంది. అప్పుడే నా గుండెల్లో రాయి పడింది.

అనుకున్నంతా అయింది. డాక్టరమ్మ ఆగమన్న రెండేళ్ళు నిండిన మర్నాడు, కత్తిరింపు బల్ల తుడుస్తూ, "అక్కా, ఇక పిల్లల కోసం చూద్దామనుకుంటున్నాం" అంది.

"నేనిచ్చింది నువ్వు బతకడానికి," అన్నాను. "పిల్లల్ని కంటానని దాన్ని పాడుచేసుకోడానికి కాదు."

"ఇచ్చేశావు కదక్కా. ఇక అది నాదే. చొక్కా కుట్టిచ్చాక, వేసుకుని ఎక్కడికెళ్తారని మనం అడుగుతామా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. పదకొండు రోజులు మాట్లాడలేదు. ఒకటే కొట్టు, మధ్యలో ఒకటే బల్ల. బట్టలు కుట్టించుకోడానికి వచ్చినవాళ్ళతో, "చెయ్యి పొడవెంతో ఆవిడనడిగి చెప్పండి బాబూ" అనేదాన్ని. ఆవిడ నవ్వకుండా వాళ్ళకే చెప్పేది, వాళ్ళు నాకు చెప్పేవాళ్ళు. మా మరిది మాత్రం నా వైపే. "నాకు పిల్లలు లేకపోయినా పర్లేదు వదినా, తనుంటే చాలు" అన్నాడు. "ఆ మాట దానికి చెప్పవయ్యా" అన్నాను. చెప్పాడట. "నాకు నువ్వూ కావాలి, బిడ్డా కావాలి" అందట అది.

పన్నెండో రోజు నేనే దాన్ని డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ వద్దంటుందని నా ఆశ.

"కిడ్నీ నిలకడగా ఉంది, బి.పి. అదుపులో ఉంది," అందావిడ. "మీరు వేసుకునే మూడు రకాల మందుల్లో ఒకటి కడుపులో బిడ్డకి మంచిది కాదు. దాన్ని మార్చి వేరేది ఇస్తాను. కొన్ని నెలలు చూసి, అంతా బాగుంటే అప్పుడు ప్రయత్నించండి. బి.పి. పెరగొచ్చు, నెలలు నిండకుండానే కాన్పు కావచ్చు, కిడ్నీ దెబ్బతినే అవకాశమూ ఉంది. జాగ్రత్తగా ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి బాగానే జరుగుతోంది. మీకేమవుతుందో మాత్రం నేను రాసివ్వలేను. ఒక్కటి గుర్తుపెట్టుకోండి, ఎవరేం చెప్పినా మీ అంతట మీరు ఏ మాత్రా మానొద్దు."

మా చెల్లెలు ప్రతి మాటా రాసుకుంది. ఈవిడా దాని జట్టేనని నేను లోపల తిట్టుకున్నాను.

ఆరు నెలలు ఆగింది. ఇంకో నాలుగు నెలలకి కడుపు నిలిచింది. ఆ కబురు వినగానే నేను నవ్వాను, దాని తల నిమిరాను. కానీ ఆ మొదటి నెలంతా, అది నిలవకుండా పోతే బాగుండునని కోరుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా నిజం అదే. ఆ పొట్టలో పక్కపక్కనే రెండు ఉన్నాయి. ఒకటి దెబ్బతిని తీరాలంటే ఏది పోవాలో నేను మనసులో ఎంచేసుకున్నాను.

రెండో నెలలో ఒక పొద్దున మెట్లు దిగొచ్చి మాత్రల డబ్బా నా మిషను మీద పెట్టింది. కొట్టు పైనే వాళ్ళ గదులు, కొట్టు వెనక నా గది. "పొద్దున ఎనిమిదికి, సాయంత్రం ఎనిమిదికి. ఇక నీదే పూచీ" అంది. ఎందుకో చెప్పలేదు. మతిమరుపు మనిషేం కాదది. నేనూ అడగలేదు. ఫోనులో అలారం పెట్టుకున్నాను. ఎనిమిదయ్యేసరికి దాని అరచేతిలో మాత్రలు పోసేదాన్ని, అది నోట్లో వేసుకునేది. పొట్ట బల్లకి తగులుతుంటే పక్కకి తిరిగి నిలబడి కత్తిరించేది. ఇద్దరం ఆ మాత్రలకి ఎంత అలవాటు పడ్డామంటే, చూడకుండానే ఇచ్చేదాన్ని, చూడకుండానే మింగేది.

అదే మా కొంప ముంచబోయింది.

మందు ఒంట్లో ఎంత మిగిలిందో తెలుసుకోడానికి నెలనెలా రక్తం ఇవ్వాలి. ఆ పూట మాత్రలు వేసుకోకముందే ఇవ్వాలి, అది నియమం. అయిదో నెలలో ఆసుపత్రిలో రక్తం తీసే అమ్మాయి ఆలస్యంగా వచ్చింది. మేము బెంచీ మీద కూర్చున్నాం. పక్కనున్న గర్భిణికి, గౌను చంకల దగ్గర బిగువైతే ఎక్కడ విప్పాలో మా చెల్లెలు వివరిస్తోంది. నా ఫోను మోగింది. అలవాటు కొద్దీ మాత్రలు చేతిలో పోశాను. అది మాట ఆపకుండా మింగేసింది. గంట తర్వాత రక్తం తీశారు.

బయటికొచ్చి మెట్లు దిగుతుంటే నాకు వెలిగింది. కానీ ఒక్క పూటకి ఏమవుతుందిలే అని నోరు మూసుకున్నాను.

మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి ఫోను. కొత్తగా చేరిన డాక్టరు. మందు మరీ ఎక్కువైంది, సాయంత్రం నుంచి సగమే వేసుకోమన్నాడు. మా చెల్లెలు సరేననలేదు. గుడ్డ మీద గీస్తున్న చాక్‌పీసు కింద పెట్టి నోటుబుక్కు తెరిచింది.

"మూడు నెలలుగా తగ్గుతూ వస్తోంది. ఒంట్లో మందు నిలవడం లేదని డాక్టరమ్మే అంది. ఇవాళ ఒక్కసారిగా ఇంత ఎలా పెరుగుతుంది? రెండు కొలతలూ కలవడం లేదక్కా." నా వైపు తిరిగింది. "పొద్దున మాత్రలు రక్తం ఇచ్చాక వేసుకున్నానా, ముందా?"

"తర్వాతే," అన్నాను.

అది బల్ల మీదున్న గుడ్డని, అప్పటికే రెండుసార్లు కొలిచిన గుడ్డని, మళ్ళీ కొలవడం మొదలుపెట్టింది. నన్ను చూడలేదు. టేపు ఈ చివర నుంచి ఆ చివరికి వెళ్ళేలోగా నా ప్రాణం పోయినంత పనైంది.

"ముందే," అన్నాను. "నేనే ఇచ్చాను."

తిడుతుందనుకున్నాను. ఫోను తీసింది. "డాక్టరుగారూ, నేను పొరపాటున మాత్రలు వేసుకుని రక్తం ఇచ్చాను. ఆ రిపోర్టు పనికిరాదు. సాయంత్రం మామూలుగానే వేసుకుని, రేపు పొద్దున మళ్ళీ ఇస్తాను" అంది. మా అక్క ఇచ్చిందనలేదు, నేను వేసుకున్నానంది. మర్నాడు ఎనిమిది దాటినా నేను డబ్బా ముట్టుకోలేదు.

ఈసారి రిపోర్టులో మందు అంతకుముందు ఎప్పుడూ లేనంత తక్కువగా ఉంది. తగ్గించడం కాదు, పెంచాల్సి వచ్చింది. డాక్టరమ్మ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, "నిన్న సగం చేసి ఉంటే, అది పరాయిదని ఒళ్ళు కిడ్నీ మీద తిరగబడేది" అంది. నాకంటే ఏడేళ్ళు చిన్నది, నా భుజం దాటి ఎదగనిది, నన్ను చెయ్యి పట్టుకుని కుర్చీలో కూర్చోబెట్టింది. దాన్ని చూసి నేను గర్వపడిన రోజులు చాలా ఉన్నాయి గానీ, అంతగా ఎప్పుడూ పడలేదు.

ఎనిమిదో నెల దాటాక బి.పి. పెరగడం మొదలైంది. ఇక ఆగకూడదని ఆపరేషన్ చేశారు. రెండు కిలోల చిల్లర ఆడపిల్ల. ఏడుపు మాత్రం ఆ బరువుకి తగ్గట్టు లేదు, వరండా అంతా వినిపించింది. నాలుగో రోజు రక్తం రిపోర్టు వచ్చింది. కిడ్నీ ఎప్పటిలాగే ఉంది. ఆ కాగితం పట్టుకుని మా మరిది గోడకి ఆనుకుని ఏడ్చాడు.

ఆ సాయంత్రం వార్డులో మేమిద్దరమే ఉన్నాం. అది మంచం మీద, పాప దాని పక్కన. ఇక దాచుకోలేక చెప్పేశాను. మొదటి నెలంతా ఈ పిల్ల నిలవకూడదని కోరుకున్నానని, నన్ను క్షమించమని అడిగాను.

"తెలుసక్కా," అంది.

పాప మీది దుప్పటి సర్దింది.

"ఆ నెలంతా నా మొహం చూడలేదు నువ్వు. నా కోసం అంతగా భయపడేది నువ్వే. అందుకే డబ్బా నీ చేతికిచ్చాను. ఇంకెవరికి ఇస్తాను?"

నర్సు చూస్తోందని కూడా లేకుండా ఏడ్చేశాను. నా ఏడుపుకి పాప లేచి తనూ అందుకుంది. మా చెల్లెలు దాన్ని ఎత్తి నా ఒళ్ళో పెట్టింది. ఎనిమిదైంది. ఆ పూట మాత్రలు మా చెల్లెలే తీసుకుని వేసుకుంది, నా రెండు చేతుల్లోనూ పిల్ల ఉంది మరి.