చెవిలో చెప్పిన జవాబు

నా చిన్నప్పుడు ఎవరైనా నా పేరు అడిగితే మా అమ్మే చెప్పేది. నేను ఆమె కొంగు వెనక నిలబడి, సరిగ్గా చెప్పిందో లేదో వినేదాన్ని. ఇంట్లో బాగానే మాట్లాడేదాన్ని, మేకపిల్లతో ఇంకా బాగా మాట్లాడేదాన్ని. నలుగురు కనిపిస్తే మాత్రం గొంతు ఎక్కడికో దిగిపోయేది. రాసుకోవడం అలవాటైంది కూడా అందుకే అనుకుంటాను. కాగితం మన మొహంలోకి చూడదు కదా.

మాది మర్రిగూడ దగ్గర ఒక పల్లె. తెలంగాణ వచ్చిన మూడు నాలుగేళ్లకు, నేను ఐదో తరగతిలో ఉన్నప్పటి మాట ఇది. మా పక్కింటి అక్కే మాకు క్లాస్ టీచర్. చిన్న ప్రైవేటు బడి. అక్క ఇంటర్ పాసై, ఇంకా చదివించే దిక్కు లేక ఆ బళ్లో చేరింది. గోడకు ఇవతల అక్క అనాలి, బళ్లో టీచర్ అనాలి. ఆ తేడా నాకు బాగానే తెలుసు కానీ, బళ్లో నేను నోరు తెరిచేదాన్ని కాదు కనుక ఎన్నడూ పొరపాటు పడలేదు.

ఆ యేడు ట్రైనింగ్ లేని టీచర్లు ఇక మీదట బళ్లో ఉండకూడదని రూలు వచ్చింది. అలాంటివాళ్ల కోసమే దూరవిద్యలో ఒక కోర్సు కూడా పెట్టారు. ఇంటి దగ్గర పుస్తకాలు చదువుకోవాలి, ఆదివారాలు సెంటరుకు వెళ్లి క్లాసులు వినాలి, అందరి ముందు ఒక పాఠం చెప్పి చూపించాలి, పరీక్షలు రాయాలి. పాసైతే ఉద్యోగం నిలుస్తుంది, లేకపోతే పోతుంది. అక్కకు ఆ ఉద్యోగం ఎంత అవసరమో మా వాడకట్టులో అందరికీ తెలుసు. వాళ్ల బాపును నేను పెద్దబాపు అని పిలిచేదాన్ని. మా దగ్గర బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. చిన్నప్పటి నుంచి ఆ నీళ్లే తాగి ఆయన కాళ్లు వంకర తిరిగాయి, మెడ బిగుసుకుపోయింది. ఎవరైనా వెనక నుంచి పిలిస్తే తల తిప్పలేక, కర్ర ఆనించి మనిషంతా తిరిగి చూసేవాడు. పనికి పోలేడు. అక్క జీతం మీదే ఆ ఇల్లు నడిచేది.

సెంటరు నార్కట్‌పల్లిలో పడింది. పత్తి ఏరే రోజులు కావడంతో మా అమ్మానాయినలు ఆదివారం కూడా చేనుకు పోయేవాళ్లు. ఒక్కదాన్నే ఇంట్లో ఉంచలేక మా అమ్మ నన్ను అక్కతో పంపించేది. రెండు బస్సులు మారి వెళ్లేవాళ్లం. సెంటరంటే హైవే పక్కన ఒక హైస్కూలు. లారీల మోత గదిలోకి వినిపిస్తూనే ఉండేది. చుట్టుపక్కల మండలాల నుంచి సార్లూ మేడంలూ వచ్చి పిల్లల బెంచీల్లో ఇరుక్కుని కూర్చునేవాళ్లు. కొందరికి తల నెరిసింది. మోకాళ్లు బెంచీ కింద పట్టక పక్కకు పెట్టుకునేవాళ్లు. అక్క ఎప్పుడూ చివరి బెంచీలోనే కూర్చునేది. బళ్లో మమ్మల్ని ముందుకు రమ్మని పిలిచే మనిషి ఇక్కడ వెనక్కి వెళ్లి కూర్చోవడం నాకు వింతగా ఉండేది.

ఒక ఆదివారం క్లాసు చెప్పే సారు ఒక ప్రశ్న అడిగాడు. మనం అడిగినదానికి పిల్ల జవాబు చెప్పలేదంటే దానికి అర్థం ఏమిటని. చదవలేదని ఒకరు, వినలేదని ఒకరు, ఇంట్లో చెప్పేవాళ్లు లేరని ఒకరు అన్నారు. సారు అన్నిటికీ తల ఊపి, చివరి బెంచీ మేడం చెప్పాలన్నాడు. అక్క లేచి నిలబడింది. పెదవులు కదిలాయి. మాట రాలేదు. చీర కుచ్చిళ్లు సర్దుకుని నిటారుగా నిలబడింది. సారు చెడ్డవాడేమీ కాదు, నవ్వించాలనే అనుకున్నాడు. "చూసిండ్రా, గిదే జవాబు. తెల్వకపోతే చెప్పరు," అన్నాడు. గదంతా నవ్వింది. అక్క కూర్చుంది. నాకు చెవులు వేడెక్కాయి. ఆ నవ్వు కింద కూర్చోవడం ఎలా ఉంటుందో ఆ గదిలో అందరికంటే నాకే బాగా తెలుసు.

తిరుగు బస్సులో మునుగోడు దాకా అక్క కిటికీలోంచి బయటికే చూస్తూ ఉంది. తరువాత నా వైపు తిరగకుండానే అంది.

"నాకు తెలుసే. పిల్లకు తెలిసి గూడ నోరు రాకపోవచ్చు సార్ అని చెప్దామనుకున్న. గదే నోరు రాలే."

"నాగ్గూడ తెలుస్తది అక్కా," అన్నాను.

"ఏం తెలుస్తది?"

"బళ్లె నువ్వడిగేటియి. అన్ని కాదు. శాన తెలుస్తయ్."

అప్పుడు తిరిగి చూసింది. ఎంతసేపు చూసిందంటే, నేను ఏదైనా తప్పు మాట అన్నానేమో అనుకున్నాను. "మరి గిప్పుడు నాకెట్ల చెప్తున్నవ్?" అని అడిగింది.

"నువ్వొక్కదానివే ఉన్నవ్ గద."

 ఆమె తనలో తానే నవ్వుకుంది. నా జడ రిబ్బను ఊడిపోతే మళ్లీ కట్టింది.

మరునాడు బళ్లో అక్క కొత్త పద్ధతి పెట్టింది. ప్రశ్న అడిగాక ఎవరూ చేతులు లేపకూడదు. జవాబు పక్కన కూర్చున్నవాళ్ల చెవిలో చెప్పాలి. తరువాత అక్క ఎవరిని లేపితే వాళ్లు తమ జవాబు కాకుండా పక్కవాళ్ల జవాబు చెప్పాలి. క్లాసంతా తేనెతుట్టె కదిపినట్టు గుయ్‌మంది. మా హెడ్మాస్టరు కిటికీలోంచి తొంగి చూసి, ఇది క్లాసా అంగడా అని అడిగి వెళ్లాడు. నా పక్కనున్న పిల్ల లేచి, నేను చెవిలో చెప్పినదాన్ని అందరికీ వినపడేలా గట్టిగా చెప్పింది. నా జవాబు వేరేవాళ్ల గొంతులో గది దాటిపోవడం విని నా ఒళ్లంతా జల్లుమంది. అది సరైనదే. అక్క నా వైపు చూడలేదు, తరువాతి బెంచీకి వెళ్లిపోయింది. చూస్తే నేను ముడుచుకుపోతానని ఆమెకు తెలుసు.

పాఠం చెప్పి చూపించాల్సిన ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు తప్పితే మళ్లీ వచ్చే యేడు దాకా ఆగాలి, అప్పటిదాకా బళ్లో ఉంచుకుంటామని ఎవరూ మాట ఇవ్వలేదు. అక్క నీళ్ల పాఠం ఎంచుకుంది. సముద్రం, మబ్బులు, వాన, చెరువు, అన్నీ రంగులతో చార్టు మీద గీసింది. సాయంత్రాలు పెరట్లో బర్రె ముందు నిలబడి పాఠం అప్పజెప్పుకునేది. పెద్దబాపు గడప మీద కూర్చుని, బర్రెకు సమజైంది, ఇంక సారుకే కావాలె అని నవ్వేవాడు.

ఆ ఆదివారం తోటి టీచర్లే ఐదో తరగతి పిల్లల్లా కూర్చోవాలి. అలాగే నేర్పుతారట. వాళ్లు నిజంగానే పిల్లలైపోయారు. ఒక మేడం చిటికెనవేలు చూపించి ఒంటికి పోతానంది. పెద్ద మీసాల సారొకాయన, ముందు బెంచీవాడు నా పెన్సిల్ గుంజుకున్నడు టీచర్ అని ఏడుపు గొంతు పెట్టాడు. క్లాసు చెప్పే సారు వెనక నుంచి, "పిల్లలోలె ఉండుమంటే పిల్లలను మించుతున్రు," అని కసిరాడు. తరువాత నన్ను చూసి, ఉన్న ఒక్క అసలు పిల్లను మూలకు ఎందుకు కూర్చోబెట్టారని, తీసుకెళ్లి ఆ మీసాల సారు పక్కన కూర్చోబెట్టాడు.

అక్క మొదలుపెట్టింది. గొంతు సన్నగా ఉంది, చార్టును ఛాతీకి అడ్డం పెట్టుకుంది. నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయని అడిగింది. పిల్లలైన ఆ పెద్దవాళ్లు ఒక్కసారిగా వానల నుంచి, నదుల నుంచి, చెరువుల నుంచి అని పుస్తకం అప్పజెప్పారు. ఇంకో ప్రశ్న అడిగింది, అదీ చెప్పేశారు. ఏది అడిగినా ముందే చెప్పేస్తున్నారు. అన్ని రంగులు వేసిన చార్టు చూపించడానికి ఆమెకు సందే దొరకలేదు. సారు వెనక కూర్చుని, అందరికీ అన్నీ వస్తే ఇక టీచర్ పనేముందని అడిగాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. అక్క నిలబడిపోయింది. మొన్నటిలాగే పెదవులు కదులుతున్నాయి. ఆమె ఉద్యోగం ఆ గదిలో, అందరి కళ్ల ముందే జారిపోతోందని నాకు అర్థమైంది. బెంచీ అంచు గట్టిగా పట్టుకున్నాను.

అప్పుడామె చార్టు చుట్టి బల్ల మీద పెట్టేసింది. "మీ ఇంట్ల తాగే నీళ్లు ఎక్కడియి? వాటి గురించి మీకు తెలిసింది మీ పక్కోళ్ల చెవిల చెప్పుండ్రి. పుస్తకంల ఉన్నది వద్దు," అంది.

గది గుయ్‌మంది. మీసాల సారు నాటకంలోనే ఉండి, తల వంచి తన చెవి నా ముందు పెట్టాడు. అంత పెద్ద మనిషి చెవి అంత దగ్గరగా ఉంటే నవ్వొచ్చింది, నవ్వుతోపాటు మాటా వచ్చింది. మా పెద్దబాపు గురించి చెప్పాను. వింటూ వింటూ ఆయన మొహంలో నవ్వు పోయింది.

అక్క ఆయన్నే లేపింది. ఆయన ఏడుపు గొంతు పెట్టలేదు. "గీ పాప చెప్పింది టీచర్. వాళ్ల పక్కింటి పెద్దబాపు బోరు నీళ్లు తాగి కాళ్లు వంగినయంట. మెడ తిరగదంట." గొంతు తగ్గించి, "గాయన మీ బాపేనంట," అన్నాడు.

గదిలోని తలలన్నీ అక్క వైపు తిరిగాయి. నేను చెప్పకూడనిది చెప్పానని అప్పుడు తెలిసింది. ఇంటి సంగతి ఆమె సెంటర్లో ఎవరికీ చెప్పుకోలేదని నాకు తెలుసు.

"అవును," అంది అక్క. "మా బాపే." ఈసారి గొంతు సన్నబడలేదు. బోరు ఎంత లోతుకు పోతే నీళ్లలో ఏం మారుతుందో, చిన్న పిల్లల పళ్ల మీద గోధుమ మచ్చలు ఎందుకు వస్తాయో, మరగబెట్టినా అది ఎందుకు పోదో చెప్పింది. మా ఊరికి ఆ యేడే ఇంటింటికీ నల్లాలు వచ్చాయని, కృష్ణా నీళ్లు వస్తున్నాయని, ఇప్పుడు పుట్టే పిల్లల కాళ్లు తిన్నగా ఉంటాయని చెప్పింది. తరువాత ఇంకొకరిని లేపింది. దేవరకొండ వైపు నుంచి వచ్చిన మేడం తన పక్కామె అత్తగారి గురించి చెప్పింది. ఇంకొకాయన తన పక్కాయన ఊరి వాటర్ ప్లాంటు గురించి చెప్పాడు. అప్పటికి ఎవరూ పిల్లల్లా నటించడం లేదు. గంట కొట్టినా సారు ఆపమనలేదు.

చివరికి ఆయన లేచి, గోల ఎక్కువైంది, బోర్డు వాడలేదు, చార్టు చుట్టి పక్కన పెట్టేసింది, వీటికి మార్కులు పోతాయని ఒక్కొక్కటే చదివాడు. అక్క తలవంచుకుని వింది. కాగితం మడిచి జేబులో పెట్టుకుంటూ, "పాసైనవ్. చెవిల చెప్పిచ్చుడు నేను గూడ రేపు మా బళ్లె చేసి చూస్త," అన్నాడు.

బస్సులో నేను ఆమె పక్కన కూర్చోవడానికే భయపడ్డాను. ఆమే దగ్గరికి లాక్కుంది. కోపం వచ్చిందా అని అడిగితే, ముందు వచ్చిందని, ఒక్క నిమిషం చాలా వచ్చిందని ఒప్పుకుంది. తరువాత, బాపు సంగతి దాచిపెట్టి నీళ్ల పాఠం చెప్పబోయినందుకు తనమీద తనకే నవ్వొచ్చిందట. ఆ సాయంత్రం గడప మీద పెద్దబాపుకు అంతా చెప్పింది. ఆయన తన మోకాళ్లను కొత్తగా చూసుకున్నాడు. "గయ్యి గూడ పాఠమైనయా బిడ్డా?" అని, ఎంత మంది విన్నారో రెండుసార్లు అడిగాడు.

పరీక్షలు కూడా రాశాక అక్కకు సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పటికీ టీచరే. నేనిప్పుడు టీచర్ ట్రైనింగు చదువుతున్నాను, ప్రాక్టీసుకు ఒక సర్కారు బడికి వెళ్తున్నాను. నా బిడియం పూర్తిగా పోలేదు. క్లాసులోకి అడుగుపెట్టే ముందు రోజూ ఒకసారి గొంతు దిగిపోతుంది. కానీ ప్రశ్న అడిగాక లేచిన చేతుల వైపు చూసే ముందు, కదిలే పెదవుల వైపు చూస్తాను. మా క్లాసులో ఒక పిల్ల నేను వచ్చినప్పటి నుంచి ఒక్క మాటా మాట్లాడలేదు. మొన్న ఆమె పెదవులు కదలడం చూసి, వెళ్లి పక్కన మోకాళ్ల మీద కూర్చుని చెవి పెట్టాను. చాలాసేపు ఊపిరి మాత్రమే తగిలింది. తరువాత చెప్పింది. తప్పు జవాబు. కానీ ఆ పిల్ల గొంతు ఎలా ఉంటుందో నాకిప్పుడు తెలుసు.