మూత తియ్యని మిషన్

పాత కంప్యూటర్ ఒకటి ఎంత బరువుంటుంది? చంకలో పెట్టుకుని బస్సెక్కేయొచ్చు. నేను దాన్ని ఏళ్ళ తరబడి మోస్తున్నాను, ఇంకా దించలేదు. నా పేరు చెప్పను. మీరెవరో నాకు తెలియదు కాబట్టే మీకు చెబుతున్నాను. తెలిసినవాళ్ళ ముందు నోరు విప్పే ధైర్యమే ఉంటే ఈ రాత అవసరం ఉండేది కాదు.

మాది ఒడిశాలో సముద్రం ఒడ్డున ఉన్న రామయ్యపట్నం. చేపల మీద బతికే ఇల్లు. నేను మాత్రం వేట వదిలేసి బరంపురంలో కంప్యూటర్లు బాగుచేసే కొట్టు పెట్టుకున్నాను. మా ఊళ్ళో పాత పడవని ఎవరూ దాచుకోరు, చెక్కలు ఊడదీసి పొయ్యిలో పెట్టుకుంటారు. అలాంటి ఊళ్ళో పుట్టినవాడికి ఈ పాత మిషన్ల పిచ్చి ఎలా పట్టిందో మా నాన్నకి ఇప్పటికీ అర్థం కాదు. నాలాంటివాళ్ళు ఈ చుట్టుపక్కల ఇంకొంతమంది ఉన్నారని తెలిశాక, ఏటా చలికాలంలో ఒక ఆదివారం కల్యాణ మండపం తీసుకుని కలుసుకోవడం మొదలుపెట్టాం. మేళా అంటాం. అటు భువనేశ్వర్ నుంచి, ఇటు శ్రీకాకుళం నుంచి వస్తారు. మిషన్ ఆన్ అయితే చప్పట్లు, కాకపోతే ఓదార్పులు, మధ్యాహ్నం అన్నం, కూరగాయలు వేసిన ఒడియా పప్పు డాల్మా. దీనికి ఒకటే కట్టుబాటు. బల్ల మీద పెట్టిన ప్రతి మిషన్‌కీ మూత తీసి ఉండాలి. లోపల ఏముందో ఎవరైనా చూడాలి, వేలు పెట్టి అడగాలి. ఆ కట్టుబాటు పెట్టింది నేనే. మూత తియ్యని ఒకే ఒక్క మిషన్ కూడా నాదే.

ఎనభైలలో కొన్ని బడులకి వచ్చిన రకం అది. కీబోర్డు, కంప్యూటర్ అన్నీ ఒకే డబ్బా, టీవీకి తగిలిస్తే చాలు. పాత సామాన్ల కొట్లో దొరికింది. మొదటి మేళాకి అదే పెద్ద ఆకర్షణ అని ఊరంతా చెప్పుకున్నాను. ఇలాంటివాటిని కరెంటుకి పెట్టేముందు లోపల ఏళ్ళకి పాడైపోయే కెపాసిటర్లనే ముక్కలు మార్చాలి, లేకపోతే కాలిపోతాయి. ఇది నేను అందరికీ చెప్పే పాఠం. ఆత్రం కొద్దీ నేను మార్చలేదు. రెండు రోజులు చక్కగా పనిచేసింది. మేళాకి ముందురోజు కొట్లోనే పొగ వచ్చి, బోర్డు బోర్డంతా కాలిపోయింది.

చెప్పేస్తే పోయేది కదా? కాలిపోయింది, తప్పు నాదే అంటే ఎవరు నవ్వేవారు? మా పిచ్చివాళ్ళలో ఇలా కాల్చుకోనివాడు లేడు. భుజం తట్టి టీ తాగించేవారు. అయినా చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని ఎన్నిసార్లు నన్ను నేను అడుక్కున్నానో. తెలిసిందల్లా ఒక్కటే, పాఠాలు చెప్పేవాడిగా నిలబడటం నాకు అలవాటైపోయింది. కొట్లో అరచేతిలో ఇమిడే కొత్త బోర్డు ఒకటి ఉంది. అందులో వేసుకుంటే పాత మిషన్‌లాగే నటించే ప్రోగ్రాములు దొరుకుతాయి. దాన్ని కీబోర్డు కింద దాచి మూత బిగించాను. అదే బీప్, అవే అక్షరాలు. ఒక్కరోజుకే అనుకున్నాను. మూత ఎందుకు తియ్యలేదని అడిగితే, స్క్రూలు పట్టే ప్లాస్టిక్ పెళుసైపోయింది, తీస్తే మళ్ళీ కూర్చోదు అన్నాను. అందరూ నమ్మారు. ఒక్కడైనా నమ్మకపోయి ఉంటే ఎంత బాగుండేది.

మరుసటి ఏడు నూకరత్నం టీచరమ్మ వచ్చారు. గంజాంలో లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. బడికి ఆ మిషన్ వచ్చినప్పుడు మాస్టార్లు ముట్టుకోవడానికే జంకితే, ఈవిడ పుస్తకం ముందు పెట్టుకుని నేర్చుకుని పిల్లలకి నేర్పారట. బడివాళ్ళు పారేస్తుంటే ఇంటికి తెచ్చుకున్నారు. తుఫానుకి ఇంట్లో నీళ్ళు చేరినప్పుడు బియ్యం డబ్బా కంటే ముందు దాన్నే అటక ఎక్కించారట. అటక కూడా కురిసింది. తుప్పు పట్టిన ఆ మిషన్‌ని ఆవిడా నేనూ కలిసి గీకి, కడిగి, బతికించాం. ఒకసారి లేచేది, ఒకసారి అలిగేది. కానీ అది నిజం మిషన్. ఆ రకంలో మాకు తెలిసినంత మేర నిజంగా బతికున్నది అదొక్కటే. ఆ సంగతి నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ తర్వాతి మేళాలో నా డబ్బా అందరి ముందూ ఆగిపోయింది. లోపల దాచిన బోర్డు వేడెక్కింది, అంతే. జనం చుట్టూ మూగారు. వీడియో చిప్పు పోయినట్టుంది అనేశాను. నోటికి వచ్చిన మాట. ఆవిడ పక్కనే ఉండి విన్నారు. వారం తిరక్కుండా గంజాం నుంచి బస్సెక్కి నా కొట్టుకి వచ్చారు. సంచిలోంచి ఒక థర్మాకోల్ ముక్క తీశారు. దాని మీద గుచ్చి ఒక చిప్పు.

"నా మిషన్‌లోది పీకి తెచ్చీసినాను తమ్ముడూ. నీదానికి ఎట్టుకో."

"అదేటి టీచరమ్మా, మరి మీ మిషనో?"

"దానికేటి. అది ఓరోజు లేస్తాది, ఓరోజు లెగదు. నీది రోజూ నడిసేది. రెండూ సగం సగం బతికే కన్నా ఒకటి నిండుగా బతకనీ."

"వొద్దండి, తీసుకెల్లిపోండి."

"ఎక్కడికి తీసుకెల్తాను? పీకినప్పుడు ఓ కాలు ఇరిగిపోనాది, తుప్పు కదా. నువ్వైతే అతికీగలవు. మిగతాది పాత సామాన్లోడికి ఇచ్చీసినాను. ఇంక దాచుకోడానికి నాకేటుంది?"

చెయ్యి చాపి తీసుకున్నాను. టీ తెప్పించాను. ఆవిడ తాగారు. ఇది మాత్రం ఎంత తిప్పి చూసినా నాకు మింగుడుపడదు. ఎలాగూ ఆవిడ మిషన్ పోయింది, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకున్నాను. లాభం ఎవరికి? ఆవిడ నా మిషన్ బతకాలని తన మిషన్‌ని చంపుకున్నారు, నాది అప్పటికే చచ్చి ఉంది, ఉన్న ఒక్క నిజమైనదాన్నీ నా అబద్ధమే తినేసిందని తెలిసి కూడా ఆవిడకి బిస్కట్లు పెట్టి బస్‌స్టాండులో దింపి వచ్చాను.

మీ చిప్పు వేశాను, మళ్ళీ లేచింది అని ఆవిడకి చెప్పాను. అప్పటినుంచి ప్రతి మేళాలోనూ ఆవిడ ఆ డబ్బా పక్కనే కుర్చీ వేసుకుని కూర్చుంటారు. తెలుగులోనూ ఒడియాలోనూ పిల్లలకి చెబుతారు, ఇందులో నా మిషన్ ప్రాణం ఉంది అని. మావాళ్ళు దానికి టీచరమ్మ మిషన్ అని పేరు కూడా పెట్టారు. నేను ఎటు కదలగలను? మేళా మానేద్దామంటే అందరూ నా మొహమే చూస్తారు. చెయ్యిజారినట్టు కింద పడేద్దామా అని కూడా అనుకున్నాను. అలా చేస్తే ఆవిడ కళ్ళెదుట రెండోసారి చంపినట్టవుతుంది. చలికాలం వస్తోందంటే అందరికీ హుషారు. నాకు మాత్రం అన్నం సహించదు.

ఈ ఏడు తప్పించుకునే దారి మూసుకుపోయింది. ఒక ఇంజనీరింగ్ కుర్రవాడు ఆ స్క్రూలు పట్టే ప్లాస్టిక్ ముక్కల్ని కొత్తగా అచ్చు తీయించి తెచ్చి ఇచ్చాడు. ఇక మూత తియ్యనని ఎలా అనను? టీచరమ్మ ఫోన్ చేశారు. కంటి ఆపరేషన్ అయిందట, ఇప్పుడు బాగా ఆనుతోందట, చిప్పు ఎక్కడ కూర్చుందో ఒక్కసారి చూడాలని ఉందట.

అప్పుడేం చేశానో చెబుతాను. ఆవిడ చిప్పు నా సొరుగులో ఆ థర్మాకోల్ మీదే ఉంది. విరిగిన కాలికి సన్నని తీగ అతికాను. కాలిపోయిన బోర్డు మీద మసి తుడిచి, దాని చోట దాన్ని కూర్చోబెట్టాను. నటించే బోర్డుని ఇంకా లోపలికి తోశాను. చచ్చిన బోర్డుకి అంత శ్రద్ధగా సోల్డరింగ్ చేసినవాడు ఇంకొకడు ఉండడు. మొదటి అబద్ధం కంగారులో ఆడాను. ఇది మెరుగు పెట్టి మరీ చేశాను. మీరు నన్ను అసహ్యించుకోదలిస్తే దీనికే అసహ్యించుకోండి.

మొన్న ఆదివారం మూత తీశాను. పొద్దున్నుంచీ ఆన్‌లోనే ఉంది, తెర మీద అక్షరాలు వెలుగుతున్నాయి. అందరూ వంగి చూశారు. ఎవరూ పోల్చుకోలేదు. చూడాలనుకున్నదే వాళ్ళకి కనబడింది. టీచరమ్మ కళ్ళజోడు సర్దుకుని చిప్పుని గుర్తుపట్టి నవ్వారు. తర్వాత చూపుడువేలు దాని మీద పెట్టారు.

ఆ చిప్పు కరెంటు పారుతుంటే పెనంలా కాలుతుంది, వేలు పెట్టనివ్వదు. ఆ రకం మిషన్ల దగ్గర కూర్చున్నవాళ్ళందరికీ తెలుసు. నాకూ తెలుసు. అన్నీ చూసుకున్నవాణ్ణి, అదొక్కటీ మర్చిపోయాను.

ఆవిడ వేలు తియ్యలేదు. అలాగే ఉంచారు. ఉంచి, తెర వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. నేను తల దించుకోలేదు, ఎందుకంటే దించుకుంటే ఒప్పుకున్నట్టే కదా. ఆ మాత్రం పని కూడా చెయ్యలేకపోయాను. ఆవిడ వేలు తీసి కొంగుకి తుడుచుకున్నారు.

"మూత ఎట్టీ తమ్ముడూ," అన్నారు. "పిల్లలు సూస్తన్నారు."

సాయంత్రందాకా ఆ కుర్చీలోనే కూర్చున్నారు. పిల్లలు వచ్చి అడిగితే, ఇందులో నా మిషన్ ప్రాణం ఉంది అని ఎప్పటిలాగే చెప్పారు. ఆవిడ అబద్ధం చెప్పడం నేను చూడటం అదే మొదటిసారి. నాకోసం చెప్పారు. వెళ్ళేటప్పుడు బస్‌స్టాండులో దింపుతానంటే, వద్దు, ఆటోలో వెళ్తానన్నారు.

ఆవిడ నన్ను క్షమించారని నేను అనుకోవడం లేదు. అలా అనుకునే హక్కు నాకు లేదు. ఫోన్ తీస్తాను, పెట్టేస్తాను. ఏమని మొదలుపెట్టాలి? అందుకే ముందు ఇక్కడ అని చూసుకుంటున్నాను. ఆ డబ్బాలో ఏ ప్రాణమూ లేదు. మొదటి మేళానాడే లేదు. టీచరమ్మ మిషన్‌ని చంపింది తుప్పు కాదు, నేను. రాశాను. ఊపిరి కొంచెం ఆడుతోంది.