కోటమ్మ ఫిరంగి మీది కొక్కెం

ఒక మనిషి చేతిపనిని నాదని చెప్పుకుని బతుకుతున్నాను. ఏళ్ళు గడిచాయి. పైకి చూస్తే చిన్న సంగతే. ఒక బొమ్మ. లేని దేశం కోసం గీసిన, ఎన్నడూ పేలని ఒక ఫిరంగి బొమ్మ. దీనికింత బాధపడాలా అని మీరనొచ్చు. కారు నడుపుతూ, గిన్నెలు కడుగుతూ, పాపను స్కూలు దగ్గర దింపి వస్తూ నాకు నేను అదే చెప్పుకున్నాను. చెప్పుకున్నప్పుడల్లా నమ్మాలనిపించేది. నమ్మకం మాత్రం కుదరలేదు.

నా పేరు చెప్పను. ఐర్లండ్‌లో, కార్క్ నగరం పక్కన బాలింకాలిగ్‌లో ఉంటాను. వీడియో గేములు తయారుచేసే ఒక చిన్న కంపెనీలో పని. దాని పేరూ వద్దు. అతన్ని ప్రభాకర్ అందాం. అసలు పేరు కాదు. ఇక్కడ కూడా పూర్తి నిజం చెప్పలేకపోతున్నానా? ఇది అతని పరువు కోసం అనుకుంటున్నాను. అలా అనుకోనివ్వండి.

ప్రభాకర్‌ది బాపట్ల వైపు. భార్య సునీత నర్సు. ఆమె ఉద్యోగం మీద ఇక్కడికొచ్చి మా వీధిలోనే అద్దెకు దిగారు. అక్కడ ప్లాన్లు గీసే పనిచేసినవాడికి ఇక్కడ ఆ పని దొరకలేదు. ఇంట్లో వంట చేసేవాడు, కూతుర్ని చూసుకునేవాడు, ఖాళీ దొరికితే బొమ్మలు గీసేవాడు. ఆదివారం చర్చి నుంచి రాగానే మమ్మల్ని భోజనానికి పిలిచేవాడు. మా ఇంట్లో వెంకటేశ్వరస్వామి పటం, వాళ్ళింట్లో శిలువ. కలిసేది మాత్రం చేపల పులుసు దగ్గర.

అతనికో పిచ్చి ఉండేది. ఒక దేశాన్ని కల్పించుకున్నాడు. పేరు నల్లదీవి. చుట్టూ సముద్రం, ఎప్పుడూ వాన, రెండు పక్కలా రాతిగోడలున్న సన్నటి దారులు. ఐర్లండ్‌ను ఖాళీ చేయించి బాపట్ల వాళ్ళను కాపురం పెట్టినట్టుండేది. ఆ దేశానికి జెండా గీశాడు, బస్సులు గీశాడు, పోస్టు డబ్బా కూడా గీశాడు. ఆఖరికి సైన్యం దగ్గరికొచ్చాడు. పేద దేశం, ట్యాంకులు కొనలేదు, ట్రాక్టరు వెనక తగిలించి లాక్కెళ్ళే ఫిరంగి ఒకటి చాలన్నాడు. పాత కోటల్లో కనిపించే రకం కాదు, ఈ కాలపుదే. పొడుగాటి గొట్టం, రెండు చక్రాలు, ఆపగానే వెనక చెరో పక్కకీ విచ్చుకునే ఇనుప కాళ్ళు, వాటి చివర నేలలోకి దిగే పారలు. సన్న దారుల్లో మలుపు తిరగాలి కాబట్టి గొట్టాన్ని వెనక్కి తిప్పి కాళ్ళ మీద పడుకోబెట్టే ఏర్పాటు. దానికి వాళ్ళ నాయనమ్మ పేరు పెట్టాడు, కోటమ్మ అని. ఆవిడ గొంతు ఊరి చివరిదాకా వినిపించేదట.

సిపాయిలకు అడ్డుగా ముందు ఒక ఇనుప రేకు. ఆ రేకు లోపలి వైపున చిన్న కొక్కెం. బొమ్మలు ఫోటో తీసి వాట్సాప్‌లో నాకు పంపేవాడు, ఎట్టా ఉందన్నా అని. నేను బొటనవేలు గుర్తు పెట్టేవాణ్ణి. కొక్కెం గురించి ఎప్పుడూ అడగలేదు. అడిగుంటే ఇలా జరిగేది కాదా? ఏమో. అడిగినా ఇదే చేసేవాణ్ణేమో.

ఆ రోజుల్లో నా ఉద్యోగం ఇవాళో రేపో అన్నట్టుంది. అది పోతే ఈ దేశంలో ఉండే పర్మిట్ పోతుంది. నా భార్య కడుపుతో ఉంది. మా గేములో ఒక కల్పిత దేశపు సైన్యానికి ఆయుధాలు గీయమని నాకప్పగించారు. గీసిందల్లా వెనక్కొచ్చింది. మా టీం పెద్ద డోనల్ మర్యాదస్తుడు, బాగుందనడానికి ఇక్కడివాళ్ళనే మాట, గ్రాండ్, గ్రాండ్ అంటూనే పక్కన పెట్టేసేవాడు. ఒక ఉదయం మీటింగుకు వెళ్ళే ముందు ఫోను తెరిచి కోటమ్మను చూశాను. చూసి, కంప్యూటర్ మీద అచ్చం అలాగే దించాను. ఊరికే, ఇలాంటిది కావాలేమో అని చూపించడానికి. నచ్చితే అప్పుడు ప్రభాకర్ పేరు చెబుదామనుకున్నాను. నిజంగానే అనుకున్నానా, లేక ఇప్పుడు మీ ముందు కాస్త మంచివాడిలా కనబడటానికి అంటున్నానా? నాకు తెలియడం లేదు.

నచ్చింది. అందరూ లేచి తెర దగ్గరికొచ్చారు. ఎవరు గీశారని ఎవరూ అడగలేదు. అడగలేదు కాబట్టి నేను అబద్ధం చెప్పలేదు అని ఆ తర్వాత చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను. కానీ డోనల్ ఒక్కటి అడిగాడు. ఈ కొక్కెం దేనికి అని. నాకు తెలిస్తేగా. ఫిరంగి కనబడకుండా పైన కప్పే వలను కట్టుకోవడానికి అన్నాను. తడుముకోలేదు కూడా. అన్నిటికన్నా ఆ కొక్కెమే తనకు నచ్చిందన్నాడు.

ఉద్యోగం ఖాయమైంది. ఆ ఆదివారం ప్రభాకర్ ఇంట్లో చెబితే అతను నన్ను వాటేసుకున్నాడు. అన్నం ముందు కూర్చుని, కళ్ళు మూసుకుని, నా పేరు పెట్టి మరీ దేవుడికి కృతజ్ఞతలు చెప్పాడు. అందరూ కళ్ళు మూసుకున్నారు. నేను తెరిచే ఉంచాను. అతని వేళ్ళకు పెన్సిలు మసి అంటుకుని ఉంది. సునీత పులుసు వడ్డించింది, నేను తిన్నాను. అడిగి మరీ రెండోసారి వేయించుకున్నాను.

అప్పుడే చెప్పి ఉంటే తిట్టి వదిలేసేవాడు. గేము అమ్మకానికి వచ్చాక మా కంపెనీలో బొమ్మలు గీసేవాళ్ళు కావాలన్నారు. నాకు చెప్పకుండా ప్రభాకర్ దరఖాస్తు పెట్టాడు. చెప్పి ఉంటే ఏదో వంక పెట్టి ఆపేవాణ్ణి. నేనెంతకు దిగజారానో చూడండి, అతను చెప్పకపోవడమే తప్పన్నట్టు కొన్నాళ్ళు కోపం కూడా తెచ్చుకున్నాను. నల్లదీవి బొమ్మలన్నీ పట్టుకుని ఇంటర్వ్యూకు వెళ్ళాడు. అన్నిటికన్నా పైన కోటమ్మ.

ఆ సాయంత్రం డోనల్ టీ కప్పు పట్టుకుని నా బల్ల దగ్గరికొచ్చాడు. ఎవరో నీ ఫిరంగినే తెచ్చి తనదని చూపించాడు, మీ దేశం వాడేనట అన్నాడు. కొక్కెం దేనికని పరీక్ష పెడితే అన్నం డబ్బా తగిలించుకోవడానికన్నాడట, సిపాయిలూ కుక్కలూ అంటూ కథంతా చెప్పాడట. అలా అని డోనల్ నవ్వాడు. నీకు తెలిసినవాడా అని అడిగాడు. లేదన్నాను. నేను కూడా నవ్వాను. అన్నిటికన్నా నన్ను తినేసేది ఆ నవ్వే.

మర్నాడు ప్రభాకర్ మా ఇంటికొచ్చాడు. చొక్కా ఇస్త్రీ నలగలేదు, మొహం మాత్రం వాడిపోయి ఉంది.

“అన్నా, మీ ఆఫీసుకు పోయొచ్చా. ఉద్యోగం వచ్చాక చెప్పి నిన్ను సర్‌ప్రైజ్ చేద్దామనుకున్నా. అచ్చం మన కోటమ్మే మీ గేములో ఉందంట. కాపీ కొట్టావని పొమ్మన్నారు. మర్యాదగానే పొమ్మన్నార్లే.”

“ఫిరంగులన్నీ ఒక్కలాగే ఉంటాయి ప్రభాకర్. రెండు చక్రాలు, ఒక గొట్టం.”

“కొక్కెం కూడా ఉందంటన్నా.”

“నెట్‌లో ఏవేవో చూస్తుంటాం కదా. మా గేము బొమ్మలు ఎప్పుడో బయటికొచ్చాయి. చూసి మర్చిపోయుంటావు. మనకు తెలియకుండానే మనసులో ఉండిపోతాయి.”



“అంతే అయ్యుంటదన్నా. నాకే గుర్తు లేదేమో. నా మూలంగా ఆఫీసులో నీకేం మాట రాలా గదా?”

రాలేదన్నాను. ఏమనుకోబాకన్నా అని చెప్పి వెళ్ళిపోయాడు. నాకు క్షమాపణ చెప్పి వెళ్ళాడు. బొమ్మలు పంపింది నాకే కదా, ఆ సంగతి అతనికి గుర్తు రాలేదా? గుర్తొచ్చినా నా మీద అనుమానం రానివ్వలేదా? ఇప్పటికీ తెలియదు. ఒకటి మాత్రం తెలుసు. బొమ్మ దొంగిలించడం ఒక తప్పు. నిజాయితీగల మనిషి చేత తన మనసునే తాను అనుమానించుకునేలా చేయడం దానికన్నా ఎంతో పెద్ద తప్పు. మొదటిది భయంతో చేశాను. రెండోది చేసేటప్పుడు నా గొంతులో వణుకు కూడా లేదు.

తర్వాత సునీతకు ట్రాలీ అనే ఊళ్ళో ఉద్యోగం వచ్చి అటు వెళ్ళిపోయారు. ప్రభాకర్ అక్కడ ముసలివాళ్ళ నర్సింగ్ హోమ్‌లో వాళ్ళకు సేవ చేసే కేరర్‌గా చేరాడు. బొమ్మలు మానేశాడని సునీత ఫోనులో మా ఆవిడతో అంది. నల్లదీవి మాటెత్తితే చిరాకు పడుతున్నాడట. మంచి ఉద్యోగమే కదా, స్థిరపడ్డాడు కదా అన్నాను. ఆ మాటన్నది నేనే.

మొన్న వాళ్ళ అమ్మాయి పుట్టినరోజుకు ట్రాలీ వెళ్ళాం. తలుపు పక్కన కిటికీ గట్టు మీద చెక్క కోటమ్మ ఉంది. బాలింకాలిగ్‌లో ఉన్నప్పుడే, నేను బొమ్మ దించడానికి చాలా ముందే, అతను చెక్కినది. దాని చక్రం అంటించినప్పుడు జిగురు ఆరేదాకా వేలితో నొక్కి పట్టుకున్నది నేనే. ఇప్పుడు కొక్కేనికి ఇంటి తాళాలు వేలాడుతున్నాయి. సునీతతో పనిచేసే ఒకావిడ దాన్ని చూసి, ఎంత బాగుందో, ఎవరు చేశారని అడిగింది. ప్రభాకర్ వచ్చి నా భుజం మీద చెయ్యేశాడు.

“నేనే చేశానండీ. ఐడియా మాత్రం నాది కాదు, మా అన్న గేములోది. అది చూసి చేశా.”

అందరూ మెచ్చుకోలుగా నా వైపు చూశారు. చేతిలో పాయసం గిన్నె ఉంది. అబద్ధాన్ని అతను మోస్తున్నాడు, అదీ నన్ను గొప్ప చేస్తూ.  నవ్వాను. మళ్ళీ నవ్వాను! తిరిగొచ్చేటప్పుడు ఎందుకలా ఉన్నావని నా భార్య అడిగితే వానలో దారి కనబడటం లేదన్నాను.

అతనికి చెప్పాలి. డోనల్‌కూ చెప్పాలి. ఈ రెండూ ఇంకా చేయలేదు, చేస్తానని మీకు మాటివ్వడానికి కూడా సిగ్గుగా ఉంది. ప్రభాకర్‌కు చెబితే బహుశా క్షమించేస్తాడు, ఆ చెయ్యి మళ్ళీ నా భుజం మీదే వేస్తాడు. అది తలుచుకుంటేనే ప్రాణం చచ్చిపోతోంది. ముందు మీతో చెప్పాను. రాస్తుంటే గుండె కాస్త తేలికైంది. తేలికపడే అర్హత నాకు లేదు, అయినా తేలికైంది.

డోనల్ అడిగిన ప్రశ్నకు సరైన జవాబు ఒక్కసారైనా నా చేత్తో రాయాలి. ఆ కొక్కెం వల కోసం కాదు. నల్లదీవిలో సిపాయిలు పొద్దున్నే ఇంటి దగ్గర అన్నం కట్టించుకుని వస్తారు. కుక్కలు ముట్టకుండా క్యారేజీ తగిలించుకోవడానికి ఆ కొక్కెం. దాన్ని పెట్టింది ప్రభాకర్. నేను కాదు.