కౌజులు ఎరిగిన మనిషి

హమ్మాది గొప్పలు చెప్పుకునే రకం కాదు, ఒక్క కౌజుపిట్టల విషయంలో తప్ప. ఆ మాట వచ్చిందంటే మాత్రం సంతలో టీ కొట్టు దగ్గర అతని నోటికి అడ్డూ ఆపూ ఉండేది కాదు. "నా అడుగు వాటికి తెలుసు. నా ఊపిరి తెలుసు. నేను పోయిన్నాడు ఆ ఫారం మూసుకోవలసిందే" అనేవాడు. వినేవాళ్ళు నవ్వుకునేవాళ్ళు గానీ భార్య యమ్నా నవ్వేది కాదు. వేటగాళ్ళ కోసం ఉల్మెస్ కొండల కింద పెంచే ఆ పిట్టల మధ్యకి వేరే ఎవరు వెళ్ళినా రేగిపోవడం ఆమె కళ్ళారా చూసింది. వల కప్పిన దొడ్డిలో కౌజు బెదిరిందంటే నిట్టనిలువునా లేస్తుంది. వలకి కొట్టుకుని మెడ విరుగుతుంది.

నిరుడు పశువుల డాక్టరు కొత్త నీలం కోటు వేసుకుని లోపలికి వెళ్ళాడు. బయటికొచ్చేసరికి నేలంతా చచ్చిన పిట్టలే. యజమాని సీ తుహామీ డాక్టర్ని పల్లెత్తు మాట అనలేదు. హమ్మాదిని పిలిచి, "కాపలా నీది. ఇంకోసారి ఇలా జరిగితే ఇల్లు ఖాళీ చేసి నీ దారి నువ్వు చూసుకో" అన్నాడు. పెద్దవాళ్ళ కోపం ఎప్పుడూ పల్లానికే పారుతుంది. ఇల్లు ఫారం వాళ్ళదే. హమ్మాదీ యమ్నా కాపురం పెట్టిందీ, పిల్లల్ని కన్నదీ అందులోనే.

ఈ ఏడు, తెల్లారితే వేట మొదలవుతుందనగా, సాయంత్రం గాలి లేచింది. హమ్మాది ఆ వారమే కాలువ గట్టు మీద జారి, మడమ విరగ్గొట్టుకుని మంచాన పడ్డాడు. ఆ సంగతి యజమాని దాకా పోనివ్వకుండా యమ్నాయే తలుపు సందులోంచి గింజలు జల్లుతూ నెట్టుకొస్తోంది. గాలికి దొడ్డి మధ్య గుంజ ఒరిగింది. తీగ తెగి వల కిందికి జారింది. గాలి విసిరినప్పుడల్లా అది నేలను చరుస్తుంటే, పిట్టలన్నీ అవతలి మూలకి చేరి ఒకదాని మీదికి ఒకటి ఎక్కుతున్నాయి. అవి ఇంకెంతోసేపు అలా ఉండవు.

"నన్ను అక్కడికి తీసుకుపో" అన్నాడు హమ్మాది.

"చంకనెత్తుకోనా? నేనే వెళ్తా."

"నీకేమన్నా పిచ్చా? నువ్వు ఆ తలుపు దాటితే ఒక్కటి మిగలదే."

"దాటకపోతే మిగులుతాయా?"

యమ్నా చిలక్కొయ్యకున్న అతని గోధుమరంగు జెల్లాబా తీసి తొడుక్కుంది. పాదాల దాకా దిగే ఆ ఉన్ని అంగీ లేకుండా హమ్మాది ఏనాడూ దొడ్డిలోకి వెళ్ళలేదు. దానికే కుట్టి ఉన్న టోపీ ముఖం మీదికి లాక్కుని, తీగచుట్ట పట్టుకుని బయల్దేరింది.

దొడ్డి తలుపు మెల్లిగా తీసింది. మొదటి అడుగుకే పిట్టలన్నీ తలలెత్తాయి. యమ్నా కొయ్యబారిపోయింది. ఒక్కటి లేస్తే చాలు, మిగతావన్నీ దాని వెనకే. బిస్మిల్లా అని లోలోపలే అనుకుని ఇంకో అడుగు వేసింది. పిట్టలు తలలు దించాయి. ఒకటి ఆమె కాళ్ళ దగ్గరికొచ్చి గింజల కోసం నేల పొడిచింది. దాని వెనక ఇంకోటి. యమ్నా గుంజని భుజంతో నెట్టి నిలబెట్టి, తీగ మెలిపెట్టడం మొదలుపెట్టింది.

ఇంట్లో ఉండలేక హమ్మాది కర్ర పట్టుకుని, ఉత్త చొక్కాతోనే కుంటుకుంటూ వచ్చేశాడు. దొడ్డిలో ఎప్పుడూ పెదవి విప్పనివాడు వల పక్కన నిలబడి, "భయపడకండర్రా, నేనే" అన్నాడు మెల్లిగా.

దొడ్డంతా ఉలిక్కిపడింది. రెండు పిట్టలు లేచి వలకి కొట్టుకుని పడ్డాయి. మిగతావి అతనికి దూరంగా పరిగెత్తి యమ్నా జెల్లాబా అంచు కిందికి దూరుతున్నాయి.

"దగ్గరికి రాకు" అంది యమ్నా పళ్ళు బిగించి.

"నేనే కదే..."

"నిన్ను చూసే బెదురుతున్నాయి. అవతలికి పో."

కాపురం అన్నాక ఆమె అతన్ని నానా మాటలూ అంది. అతనికి ఇంతలా తగిలిన మాట మాత్రం లేదు. హమ్మాది ఒక్కొక్క అడుగే వెనక్కి వేస్తూ గోడ చాటుకి పోయాడు. యమ్నా తీగ బిగించింది. వల పైకి లేచింది. కింద పడ్డ రెండు పిట్టలూ కాసేపు దొర్లి, లేచి ఒళ్ళు దులుపుకున్నాయి.

ఆమె బయటికొచ్చేసరికి సీ తుహామీ జీపు పక్కన నిలబడి ఉన్నాడు. అంతా చూశాడు.

"అయితే హమ్మాదీ, జెల్లాబా ఉంటే చాలన్నమాట" అన్నాడు గోడ వైపు చూస్తూ. "ఇక నీతో పనేముందోయ్?"

నవ్వుతూనే అన్నాడు. ఈయన నవ్వుతూ అన్నవే మర్నాటికి నిజమవుతాయని యమ్నాకి తెలుసు.

"జెల్లాబా ఫారానిది కాదయ్యా" అంది. "ఉన్ని వడికిందీ నేనే, నేసిందీ నేనే. ఇది దొడ్డిలోకి రావాలంటే ఆ ఇంట్లో మేముండాలి."

సీ తుహామీ నవ్వు ఆగిపోయింది. కొండ వైపు చూశాడు. తెల్లారితే తుపాకులతో పట్నం వాళ్ళు దిగుతారు. "పొద్దున్నే పిట్టల్ని కొండకి మోసే పెట్టెలొస్తాయి. పిట్టల్ని నువ్వే పట్టు" అని యమ్నాతో చెప్పి జీపెక్కాడు.

ఇల్లు దక్కింది. యమ్నా గోడ చాటుకి వెళ్ళి చూస్తే హమ్మాది నేల మీద చతికిలబడి ఉన్నాడు.

"ఒక్కటైనా నన్ను ఎరుగుతుందనుకున్నానే" అన్నాడు.

"లే, చలి పెడుతోంది" అని యమ్నా జెల్లాబా విప్పి అతని భుజాల మీద కప్పబోయింది.

హమ్మాది దాన్ని పక్కకి నెట్టేశాడు. ఆమె భుజం పట్టుకుని, ఆ ఉత్త చొక్కాతోనే వణుకుతూ ఇంటిదాకా నడిచాడు.