అమ్మడు సామల మిషను

రాయగడలో అమ్మడుతో వాదన పెట్టుకుని నెగ్గినవాళ్ళు ఎవరూ లేరు. తండ్రి మల్లేశు మునిసిపాలిటీలో పంపు మెకానిక్. ఎంతటి మొండి పంపునైనా దారికి తెచ్చే మనిషి, కూతురి దగ్గర మాత్రం చేతులెత్తేశాడు. ఐటీఐలో వెల్డింగ్ నేర్చుకుంటానన్నప్పుడు ఒకసారి వద్దన్నాడు, మళ్ళీ అనలేదు. ఇప్పుడు ఆమెకు సొంత రేకుల షెడ్డు ఉంది. గేట్లూ, కిటికీ గ్రిల్లులూ చేసి బతుకుతుంది గానీ, ప్రాణమంతా తను తయారుచేసిన సామల మిషను మీదే.

సామలు వండాలంటే పైపొట్టు పోవాలి. కొండ ఊళ్ళలో ఆడవాళ్ళు వాటిని రోట్లో పోసి భుజాలు పడిపోయేలా దంచుతారు. అమ్మడు మిషనులో గింజ రెండు రబ్బరు రోలర్ల మధ్య నలిగి, జల్లెడ మీద పడి ఊగుతుంది. చివర ఒక ఫ్యాను పొట్టును ఊదేస్తుంది. మూడింటినీ ఒకే షాఫ్టు తిప్పుతుంది. ఆ ఫ్యాను కుదిరేదాకా ఎన్ని రేకులు పాడుచేసిందో ఆమెకే గుర్తులేదు. అందుకే అదంటే అంత గర్వం.

ఆ మిషన్లు అమ్మిపెడతానన్న పంపుసెట్ల దుకాణం మనోరంజన్, లక్ష్మీపూర్ సంతలో అమ్మకం మొదలుపెడదామని తొందరపడ్డాడు.

"ఆగు. ముందు దీని మీద ఎవరికైనా పేటెంటు ఉందేటో సూపించాలి," అంది అమ్మడు.

అతను నవ్వాడు. "ఘాటీ రోడ్డెక్కి ఈ కొండల్లోకి ఏ కంపెనీవాడొస్తాడు దీదీ? ఇక్కడ ఎవరూ అడగరు."

"అడగరని సెప్పి ఇంకోడి సొత్తు అమ్ముకుంటామేటి? రేపొకడొచ్చి సంత నడిమధ్య నన్ను దొంగంటే నువ్వొచ్చి నిలబడతావా?"

మనోరంజన్ ఫోను తీసి మిషనుకు ఫొటోలు తీసిచ్చాడు.

కొరాపుట్‌లో బాలాదిత్య పేటెంటు ఏజెంటు. తాతల నాడు జయపురం సంస్థానంలో ఉద్యోగాలు చేసిన కుటుంబం. మిషను ఫొటోలన్నీ తీసుకుని, కంప్యూటర్లో వెతికి వెతికి, చివరికి ఆమెను పిలిపించాడు.

"ఒకటి దొరికిందమ్మా. పెద్ద కంపెనీది, ఇంకా అమల్లోనే ఉంది. రోలర్లు, జల్లెడ, ఫ్యాను, మూడూ ఒకే షాఫ్టు మీద. అచ్చం నీ మిషనే."

"వాళ్ళ మిషను నాను కళ్ళతో సూడలేదండి! ఇది నా బుర్రలోంచి వచ్చింది!"

"నమ్ముతాను. కానీ చూశావా లేదా అని చట్టం అడగదు. వాళ్ళు ముందు హక్కు రాయించుకున్నారు, అంతే."

దారులు మూడే అన్నాడు: వాళ్ళ అనుమతి తీసుకోవడం, గడువు తీరేదాకా ఆగడం, లేదా ఆ మూడు భాగాల్లో ఒకటి వదులుకోవడం. వాళ్ళ హక్కు మూడూ కలిసిన మిషను మీదే గనక, ఒకటి నిజంగా లేకపోతే అది వాళ్ళది కాదు. అదే పనిని మిషను చేతే దొడ్డిదారిన ఇంకో రకంగా చేయిస్తే మాత్రం ఒప్పుకోరు.

అమ్మడు అనుమతి అడగడానికి ఆ కంపెనీకే ఫోన్ చేసింది. "మీ మిషను ఆపేయండి. కావాలంటే రాయగడలో మా మిషన్లకు రిపేర్లు చూసుకోండి," అన్నాడు అవతలివాడు, పెద్ద ఉపకారం చేస్తున్నట్టు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది.

"మీ రిపేర్లు మీరే సూసుకోండి," అని పెట్టేసింది.

ఆ సాయంత్రం గ్రైండర్ పట్టుకుని ఫ్యానును తనే కోసింది. కళ్ళ నీళ్ళు ఆగలేదు. కన్నపిల్లను గెంటేస్తున్నట్టే ఉంది.

"అమ్మీ, ఏడుస్తా కొయ్యకు, సెయ్యి తెగుద్ది," అన్నాడు మల్లేశు గుమ్మంలోంచి.

మనోరంజన్ వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఫ్యాను లేని మిషను నేను అమ్మను."

"అయితే నానే అమ్ముతాను."

లక్ష్మీపూర్ సంతలో మిషను పెట్టి మోటారు వేసింది. గింజా పొట్టూ కలిసే కిందపడ్డాయి. అమ్మడు మొహం చిన్నబోయింది. సామలు తెచ్చిన కుంతి అనే కొండ ఊరి మనిషి మాత్రం, ఏమీ జరగనట్టు తన చేట తీసి అక్కడే కూర్చుని చెరగడం మొదలుపెట్టింది. పొట్టునూ నూకలనూ ఒక గుడ్డలో మూటగట్టుకుంది.

"ఊదేస్తే నా కోళ్ళకేం పెట్టను?" అంది వాళ్ళ కొండ భాష దేశియాలో. ఎవరి గింజ వాళ్ళే చెరుగుకోవాలట, ఇంకొకరు చెరిగింది పొయ్యి మీదికి ఎక్కించరట. ఇంతకాలం ఈ సంగతి ఒక్కరినైనా అడగనందుకు అమ్మడుకు తన మీద తనకే కోపం వచ్చింది. ఈలోగా మిషను చుట్టూ చేటలు పెరిగాయి.

ఆమె ఫోన్ చేసినప్పటినుంచీ ఓ కన్నేసి ఉంచారేమో, మధ్యాహ్నానికి కంపెనీ మనిషి రానే వచ్చాడు. "ఇది మా మిషను. ఆపండి," అన్నాడు అందరూ వినేలా.

అమ్మడు మోటారు కట్టేసి మూత విప్పింది. "సూడండి. రోలర్లున్నాయి, జల్లెడుంది. ఫ్యానేదీ?"

అతను వంగి కింద చూశాడు, వెనక్కి వెళ్ళి చూశాడు. "మరి పొట్టెలా పోతోంది?"

అమ్మడు చెరుగుతున్న ఆడవాళ్ళ వరసను చూపించింది. "అదిగో, అలాగ. దమ్ముంటే ఎల్లి వాళ్ళ సేటలు ఆపించండి."

అతను వాళ్ళ వైపు చూశాడు గానీ ఒక్క అడుగు కూడా వేయలేదు. అమ్మడు మూత బిగించి మళ్ళీ మోటారు వేసింది.